రెక్కకు భార పరీక్ష: ఇసుక బస్తాలతో చేయవలసిన తీరు

సొంతంగా రూపొందించిన విమానం మొదటిసారి గాలిలోకి లేచే ముందు, దాని రెక్క నేల మీదనే పూర్తి భారం మోసి చూపించాలి. డిజైన్ లెక్కలు ఎంత శ్రద్ధగా వేసినా, సరిగా అంటుకోని జిగురు అతుకు, కొలత తప్పిన బోల్టు రంధ్రం, వంకరగా దిగిన రివెట్టు ఆ లెక్కల్లో కనిపించవు. కళాశాల వర్క్‌షాపులో పెద్ద డ్రోను కడుతున్న విద్యార్థులైనా, సొంత షెడ్డులో రెండు సీట్ల విమానం తలపెట్టిన ఔత్సాహికులైనా ఈ పరీక్షను విజయవాడ, గుంటూరు ప్రాంతంలో దొరికే సామగ్రితోనే చేసుకోవచ్చు. ఇనుప చట్రం కట్టడానికి ఆటోనగర్ ఉంది, బరువుకు కృష్ణ ఇసుక ఉంది. అసలు శ్రమంతా ఆ బరువును సరైన చోట మోపడంలో ఉంటుంది.

రెక్క మీద నలుగురైదుగురు నిలబడి ఫోటో తీయించుకోవడం గాని, మూలం దగ్గర, అంటే రెక్క విమానానికి అతికే చోట, బస్తాలు గుట్టగా పేర్చి ఇన్ని టన్నులు మోసిందని రాసుకోవడం గాని పరీక్ష అనిపించుకోదు. ఎగిరేటప్పుడు గాలి రెక్క మీద ఏ చోట ఎంత బలం చూపుతుందో, ఏ దిశలో చూపుతుందో, బస్తాలు కూడా ఆ చోట అంత బలాన్నే, ఆ దిశలోనే చూపాలి. మొత్తం బరువు సరిగ్గా ఉండి పంపకం తప్పిన పరీక్ష, పరీక్ష చేయకపోవడం కంటే ప్రమాదకరమని నా అభిప్రాయం. ఎందుకంటే అది లేని ధైర్యాన్ని ఇస్తుంది.

ఎంత భారం మోపాలి

విమానం తన జీవితకాలంలో ఎదుర్కోవచ్చని అంచనా వేసిన అత్యధిక భారాన్ని లిమిట్ లోడు అంటారు. దానికి ఒకటిన్నర రెట్లు అల్టిమేట్ లోడు. లిమిట్ లోడు దగ్గర రెక్కకు హానికరమైన శాశ్వత వంపు రాకూడదు. అల్టిమేట్ లోడు దగ్గర అది శాశ్వతంగా వంగినా, స్కిన్ (రెక్క బయటి తొడుగు) ముడతలు పడినా పరవాలేదు గాని, కనీసం 3 సెకన్ల పాటు విరగకుండా నిలవాలి. విమానం ఒడుదుడుకులు లేకుండా సమంగా ఎగురుతున్నప్పుడు రెక్క మోసే భారం 1 జీ. అమెరికా చిన్న విమానాల నియమావళిలో చాలాకాలం అమలులో ఉన్న విభజన ప్రకారం సాధారణ తరగతికి లిమిట్ లోడు 3.8 జీ, యుటిలిటీ తరగతికి 4.4 జీ, ఏరోబాటిక్ తరగతికి 6 జీ. తేలికపాటి స్పోర్ట్ విమానాలకు ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ప్రమాణం పైకి 4 జీ, కిందికి 2 జీ అడుగుతుంది. మీ విమానం ఏ తరగతిదో డిజైన్ మొదట్లోనే నిర్ణయమై ఉండాలి. పరీక్ష రోజున నిర్ణయించే విషయం కాదది. రెక్క విస్తీర్ణంతో పోలిస్తే బరువు మరీ తక్కువగా ఉన్న విమానాల్లో, పైలట్ చేసే విన్యాసాల కంటే గాలి కుదుపులే ఎక్కువ భారం తెచ్చే సందర్భాలు ఉంటాయి కనుక ఆ లెక్క కూడా వేసి, రెండింటిలో పెద్దదాన్ని తీసుకోవాలి.

ఈ ఒకటిన్నర రెట్ల హద్దు పెద్ద కంపెనీలకు కూడా వర్తిస్తుంది. 1995 జనవరిలో బోయింగ్ 777 పరీక్షా విమానం రెక్కలు లిమిట్ లోడుకు 154 శాతం దగ్గర విరిగాయి. 2006 ఫిబ్రవరిలో ఎయిర్‌బస్ ఏ380 రెక్క 150 శాతాన్ని అందుకోకుండా, దానికి కాస్త దిగువనే విరిగింది; కంపెనీ ఆ చోటును బలపరచవలసి వచ్చింది. అంతటి వనరులున్న చోటనే లెక్కకూ వాస్తవానికీ మధ్య ఆ పాటి తేడా వచ్చినప్పుడు, చిన్న షెడ్డులో కట్టిన రెక్క లెక్కలను పరీక్ష లేకుండా నమ్మడానికి ఆధారం లేదు.

ఉదాహరణగా ఒక రెండు సీట్ల లోహ విమానాన్ని తీసుకుందాం. మొత్తం బరువు 600 కిలోలు, రెండు రెక్కల బరువు కలిపి 60 కిలోలు, లిమిట్ లోడు 4 జీ, ఒక కొన నుంచి మరో కొనకు 9 మీటర్లు, రెక్క వెడల్పు అంతటా 1.2 మీటర్లు. లిమిట్ దగ్గర రెక్కలు 2,400 కిలోల లిఫ్ట్ (పైకెత్తే బలం) ఇవ్వాలి, అల్టిమేట్ దగ్గర 3,600 కిలోలు. అంత ఇసుకనూ రెక్క మీద పెట్టకూడదు. రెక్క సొంత బరువు రెక్క పొడవునా పరచుకొని ఉంటుంది కాబట్టి, పైకి నెట్టే గాలి బలంలో కొంత అక్కడికక్కడే దానికి సరిపోతుంది. మూలం వరకు చేరేది మిగిలినదే. అందుకని 600లో నుంచి 60 తీసివేసి, 540ని 6తో (4 జీకి ఒకటిన్నర రెట్లు) గుణిస్తే 3,240 కిలోలు వస్తుంది. పరీక్షలో రెక్కను తలకిందులుగా బిగిస్తాం కనుక దాని సొంత బరువు ఇసుకతో కలిసి కిందికే లాగుతుంది. ఆ 60 కిలోలు కూడా తీసివేస్తే మోపవలసిన ఇసుక 3,180 కిలోలు, అంటే ఒక్కో రెక్కకు 1,590 కిలోలు. లిమిట్ లోడుకు ఇదే పద్ధతిలో ఒక్కో రెక్కకు 1,050 కిలోలు అవుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. రెక్కల్లో పెట్రోలు ట్యాంకులు ఉన్నట్లయితే, ఆ పెట్రోలు బరువు కూడా రెక్క బరువు లాగే మూలానికి ఊరట ఇస్తుంది; కాబట్టి ట్యాంకులు ఖాళీగా ఉండి మిగతా బరువంతా ఫ్యూజిలాజ్‌లో (విమానం మొండెంలో) ఉన్న పరిస్థితికే లెక్క వేయాలి. అలాగే, బరువు కేంద్రం ముందుకు ఉన్నప్పుడు తోక కిందికి నెడుతుంది; ఆ బలాన్ని కూడా రెక్కే మోయాలి కనుక దాన్ని లిఫ్ట్‌కు కలపాలి. పై ఉదాహరణలో సౌలభ్యం కోసం దాన్ని కలపలేదు, ఫ్యూజిలాజ్ వెడల్పును కూడా పక్కన పెట్టాను. మీ లెక్కలో రెండూ ఉండాలి.

ఏ చోట ఎంత

రెక్క పొడవునా లిఫ్ట్ ఎలా పంచుకుంటుందో తెలుసుకోవడానికి కంప్యూటర్ ప్రోగ్రాములు ఉన్నా, 1940లో ష్రెంక్ అనే పరిశోధకుడు చూపిన సులువైన పద్ధతి మెలికలు తిప్పని మామూలు రెక్కలకు ఇప్పటికీ సరిపోతుంది. రెక్క అసలు వెడల్పును ఒకవైపు, అంతే పొడవు అంతే విస్తీర్ణం గల దీర్ఘవృత్తాకారపు రెక్క వెడల్పును మరోవైపు రాసుకొని, ప్రతి స్థానం దగ్గర రెండింటినీ కూడి సగం చేయాలి. లిఫ్ట్ ఆ సగటు నిష్పత్తిలో పంచుకుంటుందని భావిస్తారు. మన ఉదాహరణలో దీర్ఘవృత్తపు వెడల్పు మధ్యలో 1.53 మీటర్లు, కొనలో సున్నా. సగటు మధ్యలో 1.36 మీటర్లు, కొనలో 0.6 మీటర్లు.

ఇప్పుడు ఒక పక్క రెక్కను అర మీటరు చొప్పున 9 భాగాలు చేసి, ఒక్కో భాగానికి వచ్చే లిఫ్ట్‌లో నుంచి ఆ భాగం సొంత బరువుకు సంబంధించిన వాటాను తీసివేయాలి. అలా చేస్తే అల్టిమేట్ లోడు దగ్గర మూలం పక్కనున్న మొదటి భాగానికి సుమారు 203 కిలోలు, మధ్యనున్న అయిదో భాగానికి 187 కిలోలు, కొనలోని తొమ్మిదో భాగానికి 118 కిలోలు వస్తాయి. తొమ్మిదింటినీ కలిపితే తిరిగి 1,590 రావాలి; రాకపోతే ఎక్కడో కూడిక తప్పింది. ఒక్కో భాగం భారాన్ని మూలం నుంచి దాని దూరంతో గుణించి కూడితే ఇసుక వల్ల మూలం దగ్గర పడే వంపు బలం దాదాపు 3,280 కిలోగ్రామ్-మీటర్లు.

ఈ సంఖ్యను పంపకాన్ని సరిచూడటానికి వాడుకోవాలి. అదే 1,590 కిలోలను పొడవునా సమానంగా పరిస్తే వంపు బలం దాదాపు 3,580కి చేరుతుంది. రెక్క మోయనవసరం లేని 9 శాతం అదనంగా మోయవలసి వస్తుంది. అదే బరువును, దాని కేంద్రం మూలానికి మీటరున్నర దూరంలో ఉండేలా లోపలి వైపుకు గుట్టగా పేర్చితే వంపు బలం 2,385 మాత్రమే, అంటే మోయవలసిన దానిలో 73 శాతం. రెండు ఫోటోల్లోనూ బస్తాల సంఖ్య ఒకటే. రెక్క గురించి అవి చెప్పే సంగతి మాత్రం ఒకటి కాదు.

మూలం దగ్గర స్పార్ (రెక్క పొడవునా సాగే ప్రధాన దూలం) లోతు 150 మిల్లీమీటర్లు అనుకుంటే, రెక్క సొంత బరువును కూడా కలుపుకొని స్పార్ పై అంచులోనూ కింది అంచులోనూ పనిచేసే బలం ఒక్కొక్కటి 22 టన్నులు దాటుతుంది. ఒకటిన్నర టన్నుల ఇసుక అంత బలంగా మారేది రెక్కను ఫ్యూజిలాజ్‌కు బిగించే బోల్టులు ఉండే చోటనే. పరీక్షలో ఆ బోల్టులు దిగే ఫిట్టింగుల మీద అంత శ్రద్ధ పెట్టమనడానికి కారణం ఇదే.

వెడల్పు దిశలో కూడా బరువు కేంద్రం ఎక్కడ పడుతుందన్నది ముఖ్యం. తక్కువ వేగంలో, ఎక్కువ కోణంలో విమానం ముక్కు ఎత్తినప్పుడు లిఫ్ట్ కేంద్రం వెడల్పులో ముందంచు నుంచి నాలుగో వంతుకు కొంచెం వెనకగా ఉంటుంది. పై వంపు ఎక్కువగా ఉన్న ఎయిర్‌ఫాయిల్‌తో (రెక్క అడ్డుకోత ఆకారంతో) ఎక్కువ వేగంలో అదే కేంద్రం ఇంకా వెనక్కు జరిగి రెక్కను మెలితిప్పుతుంది. ఉదాహరణకు ఎయిర్‌ఫాయిల్ పిచింగ్ మొమెంట్ గుణకం (ముందంచును కిందికి తిప్పే ధోరణికి కొలత) మైనస్ 0.05 అయితే, లిఫ్ట్ గుణకం 1.5 దగ్గర, అంటే తక్కువ వేగంలో, కేంద్రం వెడల్పులో 28 శాతం దగ్గర, 0.67 దగ్గర, అంటే ఎక్కువ వేగంలో, 32 శాతం దాటి ఉంటుంది. అందుకని వంపుకు ఒకటి, మెలికకు ఒకటి చొప్పున లిమిట్ లోడు వరకు రెండు పరీక్షలు విడివిడిగా చేయాలి. ఒకే పరీక్షతో రెండింటినీ తేల్చాలనుకుంటే ఏదో ఒకటి తక్కువగానే పరీక్షింపబడుతుంది.

తలకిందులుగా, ముందంచు కిందికి వాల్చి

గాలి రెక్కను పైకి నెడుతుంది, ఇసుక కిందికి లాగుతుంది. అందువల్ల రెక్కను తలకిందులుగా బిగించి దాని అడుగు భాగం మీద ఇసుక పేర్చడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఇంతవరకు అందరూ చేస్తారు. చాలామంది వదిలివేసేది వాలు. విమానం ఎక్కువ కోణంలో ఉన్నప్పుడు గాలి బలం రెక్కకు నిట్టనిలువుగా ఉండదు. రెక్క తలానికి సంబంధించినంత వరకు అది ముందంచు వైపుకు వాలి ఉంటుంది. కోణం 15 డిగ్రీలు, లిఫ్ట్‌లో పదో వంతు డ్రాగ్ (గాలి వెనక్కు లాగే బలం) అనుకుంటే ఆ వాలు 9 డిగ్రీల పైచిలుకు. మొత్తం బలంలో 16 శాతం రెక్కను ముందుకు తోస్తుంది. వెనక స్పార్ ఫిట్టింగు, స్పార్ల మధ్యనున్న అడ్డుకట్లు ఆ తోపును తట్టుకోవడానికే ఉంటాయి. తలకిందులుగా ఉన్న రెక్కను ముందంచు 9 డిగ్రీలు కిందికి ఉండేలా బిగిస్తే అదే ఇసుక ఆ ముందు తోపును కూడా ఇస్తుంది. రెక్కను మట్టంగా బిగించి చేసిన పరీక్షలో ఆ ఫిట్టింగులకు పరీక్షే జరగనట్లు.

తలకిందులుగా బిగించడంలో ఒక ఇబ్బంది ఉంది. ఎగిరేటప్పుడు నొక్కుడుకు లోనయ్యే పై స్కిన్ ఇప్పుడు నేల వైపుకు తిరిగి ఉంటుంది. ముడతలు మొదట అక్కడే వస్తాయి. వాటిని చూడటానికి ఎవరూ రెక్క కిందికి వెళ్లకూడదు కాబట్టి, నేల మీద పెద్ద అద్దాలు, దీపాలు, రెండు మూడు కెమెరాలు ముందే అమర్చుకోవాలి. స్కిన్ మీద మార్కరుతో 50 మిల్లీమీటర్ల గళ్లు గీసుకుంటే వీడియోలో ముడత ఏ రిబ్‌ల (రెక్కలోని అడ్డు పక్కటెముకల) మధ్య మొదలైందో స్పష్టంగా తెలుస్తుంది.

చట్రం

వీలైతే రెక్కలను అసలు ఫ్యూజిలాజ్ మధ్యభాగానికే, విమానంలో వాడే అసలు బోల్టులతోనే బిగించి, ఆ మధ్యభాగాన్ని ఇనుప చట్రం మీద నిలపాలి. అప్పుడు ఫిట్టింగులు, మధ్యభాగం కూడా పరీక్షకు వస్తాయి. రెండు రెక్కలూ ఒకేసారి పరీక్షిస్తే ఇరువైపులా వంపు బలాలు ఒకదానినొకటి సరిచేసుకుంటాయి. చట్రం మోయవలసింది మూడు టన్నుల పైచిలుకు నిలువు బరువే. ఒక్క రెక్కనే పరీక్షించదలిస్తే వ్యవహారం పూర్తిగా వేరు. మూడు వేల కిలోగ్రామ్-మీటర్లకు పైగా ఉన్న తిప్పుడు బలానికి చట్రం బోర్లా పడకుండా కాంక్రీటు నేలలోకి యాంకర్ బోల్టులు దించాలి, లేదా వెనకవైపు తగినంత ఎదురు బరువు పెట్టాలి. లారీ బాడీలు కట్టే వెల్డర్లకు ఈ పని కొత్త కాదు. కాకపోతే డ్రాయింగు మీద ఏ అతుకు ఎంత బలం మోయాలో మీరే రాసి ఇవ్వాలి. స్ట్రట్లు (రెక్కను ఫ్యూజిలాజ్‌కు కలిపే ఏటవాలు ఊతాలు) ఉన్న రెక్క అయితే స్ట్రట్ కోణం విమానంలో ఉన్నట్లే ఉండాలి, స్ట్రట్ కింది ఫిట్టింగు కూడా అసలుదే కావాలి.

ఒక్కో రెక్క కింద రెండు చోట్ల, రిబ్‌ల సరిగ్గా కింద, చెక్క దిమ్మెలు పెట్టిన హైడ్రాలిక్ జాకీలు ఉండాలి. వాటి పక్కనే, ఊహించిన వంపు కంటే సుమారు 50 మిల్లీమీటర్లు దిగువన, గట్టి స్టాండ్లు ఉండాలి. రెక్క విరిగితే ఆ స్టాండ్ల మీద ఆగుతుంది. ఇసుకంతా నేలకూలి విరిగిన చోటును నలగగొట్టి, ఎందుకు విరిగిందో తెలియకుండా చేయదు.

బస్తాలు

ఇసుకను జల్లెడ పట్టి, ఎండలో బాగా ఆరబెట్టి, దళసరి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఆ సంచులను గుడ్డ సంచుల్లో పెట్టాలి. కృష్ణా తీరపు గాలిలో తేమ ఎక్కువ. తెరిచి ఉంచిన ఇసుక వారం తరువాత తూచితే అదే బరువు చూపదు. ఒక్కో బస్తా 10 కిలోలు ఉంటే పరీక్షకు 318 బస్తాలు కావాలి, దాదాపు రెండు ఘనమీటర్ల ఇసుక. వీటితో పాటు సర్దుబాటుకు 5 కిలోల, 1 కిలో సంచులు కొన్ని ఉండాలి. 50 కిలోల బస్తాలు వాడకండి. వాటిని మెల్లగా దించడం సాధ్యం కాదు, దించినప్పుడు పడే కుదుపు లెక్కలోకి రాదు. తూకానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఎలక్ట్రానిక్ కాటా వాడాలి. మిర్చి కొట్లలో వాడే కాటా తెప్పించుకోవచ్చు గాని, అది ఎన్ని గ్రాముల తేడా వరకు చూపగలదో ముందే చూసుకోవాలి. ఒక్కో బస్తాకు 50 గ్రాములకు మించి తేడా లేకుంటే మొత్తం మీద పొరపాటు అర శాతం లోపే ఉంటుంది. ప్రతి బస్తా మీద దాని సంఖ్య, అది వెళ్లవలసిన భాగం సంఖ్య రంగుతో రాయాలి.

పేర్చేటప్పుడు పక్కపక్క వరుసలు ఒకదానికొకటి ఒరుసుకోకుండా రెండు అంగుళాల సందు వదలాలి. సందు లేకుండా గోడ కట్టినట్లు పేర్చితే రెక్క వంగే కొద్దీ బస్తాలు ఒకదానినొకటి నొక్కుకొని కమానులా నిలబడి, బరువులో కొంత తామే మోస్తాయి. వాలు వల్ల, వంపు వల్ల బస్తాలు జారకుండా ముందంచు వెంబడి, భాగాల హద్దుల వెంబడి తేలికైన ప్లైవుడ్ పట్టీలు రెక్కకు అంటించాలి. వాటి బరువు కూడా లెక్కలో కలపాలి. గుడ్డ కప్పిన రెక్క మీద నేరుగా పేర్చకుండా, రిబ్‌ల మీద, స్పార్ల మీద ఆనే పలకలు పరచాలి.

ఇసుకకు బదులు తులాదండాల వరుసతో, అంటే ఒక లాగుడును రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా పంచే దూలాలతో, చైన్ పుల్లీ బ్లాకుతో లాగే పద్ధతి కూడా ఉంది. లోడ్ సెల్ మీద బలం నేరుగా కనిపిస్తుంది, ఏ క్షణంలోనైనా వదులు చేయవచ్చు. పలుమార్లు పరీక్షలు చేయదలచిన కళాశాలకు అదే మేలు. ఒక్కసారి చేసుకొనే వారికి ఇసుకే నయం.

కొలతలు

వంపును కొలవడానికి రెక్క దగ్గరికి పోనక్కర లేదు. రెక్క కొనలోనూ సగం పొడవులోనూ, ముందు స్పార్ దగ్గర ఒకటి, వెనక స్పార్ దగ్గర ఒకటి చొప్పున మిల్లీమీటరు స్కేళ్లు నిలువుగా వేలాడదీసి, సివిల్ విభాగంలో ఉండే ఆటో లెవెల్‌తో (మట్టం చూసే దుర్భిణితో) దూరం నుంచి చదవాలి. ముందు, వెనక స్కేళ్ల మధ్య తేడా మెలికను చెబుతుంది: స్కేళ్ల మధ్య దూరం మీటరు ఉంటే, 10 మిల్లీమీటర్ల తేడా అర డిగ్రీకి కొంచెం పైన. మూలం దగ్గర కూడా తప్పనిసరిగా స్కేళ్లు పెట్టాలి. చట్రం కూడా వంగుతుంది కనుక, అది కేవలం 0.1 డిగ్రీ తిరిగినా నాలుగున్నర మీటర్ల దూరంలోని కొనలో 8 మిల్లీమీటర్లు కనిపిస్తుంది. దాన్ని తీసివేయకపోతే చట్రం దోషం రెక్క ఖాతాలో పడుతుంది.

స్ట్రెయిన్ గేజీలు (లోహం సాగుదలను కొలిచే పలుచని పట్టీలు) అంటించగలిగితే స్పార్ అంచుల మీద, మూలం ఫిట్టింగుకు కొద్ది దూరంలో అంటించాలి. 6061-టీ6 అల్యూమినియం శాశ్వతంగా సాగడం మొదలుపెట్టే ఒత్తిడి సుమారు 276 మెగాపాస్కల్. అది దాదాపు 4,000 మైక్రోస్ట్రెయిన్‌కు, అంటే పొడవులో పది లక్షల్లో 4,000 వంతుల సాగుదలకు, సమానం. లిమిట్ లోడు దగ్గర గేజీ ఆ సంఖ్యకు చేరువలో ఉంటే అక్కడే ఆగి ఆలోచించాలి. గేజీలు లేకపోయినా పరీక్ష చెల్లుతుంది. స్కేళ్లు లేకపోతే చెల్లదు.

అన్నిటి కంటే ముందు, ప్రతి మెట్టు దగ్గర ఎంత వంపు రావాలో లెక్క కట్టి కాగితం మీద రాసి, సంతకం పెట్టి, పక్కన పెట్టుకోవాలి. వచ్చిన సంఖ్యను చూసిన తరువాత లెక్కను దానికి సర్దే అవకాశం అప్పుడు ఉండదు.

భారం ఎక్కించే క్రమం

పొద్దున్నే మొదలుపెట్టి అదే పూటలో ముగించడం మంచిది. రేకుల షెడ్డులో మధ్యాహ్నానికి ఉష్ణోగ్రత మారి చట్రమూ రెక్కా వేరువేరుగా సాగుతాయి. రెక్క చుట్టూ తాడు కట్టి, బస్తాలు మోసేవారు, లెవెల్ చదివేవారు, నమోదు చేసేవారు, ఆపమని చెప్పే అధికారం ఉన్న ఒక్కరు తప్ప ఎవరినీ లోపలికి రానివ్వకూడదు. రెక్క కిందికి ఏ కారణంతోనూ ఎవరూ వెళ్లకూడదు. విరిగే రెక్క ముందుగా చెప్పి విరగదు.

ముందుగా లిమిట్ లోడులో మూడో వంతు వరకు ఎక్కించి, కాసేపు ఉంచి, మొత్తం దించాలి. దీనితో బోల్టులు, రివెట్లు తమ స్థానాల్లో సర్దుకుంటాయి. ఆ తరువాత స్కేళ్ల మీద కనిపించేదే అసలు సున్నా. ఇప్పుడు లిమిట్ లోడులో 20 శాతం చొప్పున ఎక్కించాలి. ప్రతి మెట్టులోనూ తొమ్మిది భాగాలకూ వాటి వాటా అదే నిష్పత్తిలో అందాలి. కుడి ఎడమల రెండు జట్లు ఒకే బస్తా సంఖ్యను పైకి పలుకుతూ, మూలం నుంచి కొన వైపుకు ఒకేసారి పేర్చాలి. దించేటప్పుడు కొన నుంచి మూలానికి. బస్తాలు పెట్టేంతసేపు జాకీలు రెక్కకు తాకి ఉండాలి. మెట్టు పూర్తయ్యాక నాలుగు జాకీలనూ కలిపి మెల్లగా దించితే భారం కుదుపు లేకుండా రెక్క మీదికి వస్తుంది. స్కేళ్లు చదివి, జాకీలను తిరిగి ఎత్తి, తరువాతి మెట్టుకు వెళ్లాలి.

ప్రతి మెట్టు తరువాత గ్రాఫు మీద చుక్క పెట్టాలి. చుక్కలు ఒకే గీత మీద సాగినంతసేపు ముందుకు పోవచ్చు. 40 శాతం దగ్గర కొన 60 మిల్లీమీటర్లు దిగి ఉంటే 80 శాతం దగ్గర 120కి అటూ ఇటూ రావాలి; 135 వచ్చినట్లయితే ఏదో సాగింది, జారింది, లేదా ముడత పడింది. అది ఏమిటో తేలేవరకు ఒక్క బస్తా కూడా అదనంగా పెట్టకూడదు. చప్పుళ్లను కూడా నమోదు చేయాలి: ఏ మెట్టులో, ఏ వైపు నుంచి, ఎలాంటి చప్పుడు. పలుచని స్కిన్ డబ్బా రేకులా టక్కుమనడం మామూలే. మూలం దగ్గర గట్టిగా పగిలినట్లు వినిపిస్తే ఆపవలసిందే.

లిమిట్ లోడు దగ్గర రెక్క వంగి ఉన్న స్థితిలోనే, దూరం నుంచి కాక్‌పిట్ స్టిక్‌కు కట్టిన తాడుతో ఎయిలరాన్లను (రెక్క వెనకంచున కదిలే పలకలను) రెండు వైపులా పూర్తిగా కదిలించి చూడాలి. వంగిన రెక్కలో కేబుల్ బిగుసుకుపోవడం, హింజి పట్టివేయడం నేల మీద మామూలుగా ఉన్నప్పుడు ఎప్పటికీ బయటపడని లోపాలు. తరువాత మొత్తం భారం దించి, స్కేళ్లు మళ్లీ చదవాలి. సున్నాకు రాకుండా మిగిలిన వంపు ఉంటే లిమిట్ లోడు మరొకసారి ఎక్కించి దించాలి. రెండోసారి అదనంగా ఏమీ మిగలకపోతే మొదటిది అతుకుల సర్దుబాటు అనుకోవచ్చు. మళ్లీ పెరిగితే లోహం సాగుతోంది. ఫైబర్ రెక్క మెల్లగా వెనక్కు వస్తుంది కనుక దానికి కొన్ని గంటల వ్యవధి ఇచ్చి చదవాలి.

ఆ పైన అల్టిమేట్ వరకు 5 శాతం మెట్లు. ఈ దశకు ప్రత్యేకంగా కట్టిన మరో జత రెక్కలు ఉండాలి. అల్టిమేట్ లోడు చూసిన రెక్కతో ఎగరకూడదు. అంత స్తోమత లేని వారు ఎగరబోయే రెక్కను లిమిట్ వరకే పరీక్షించి, స్పార్‌ను, మూలం ఫిట్టింగును మాత్రం వేరుగా తయారు చేసి అల్టిమేట్ వరకు పరీక్షించడం నేను అంగీకరించగల కనీస మార్గం.

వేడి

గ్లాస్ ఫైబర్, కార్బన్ ఫైబర్ రెక్కలకు ఈ ప్రాంతపు వేసవి పెద్ద పరీక్ష. విజయవాడలో మేలో గాలి ఉష్ణోగ్రతే 45 డిగ్రీలకు చేరుతుంది. రెంటచింతల వైపు ఎండల సంగతి అందరికీ తెలిసిందే. ఎండలో నిలిపిన రెక్క స్కిన్ దానికంటే వేడెక్కుతుంది, ముదురు రంగు వేస్తే మరింతగా. యూరప్ చిన్న విమానాల నియమాల్లో తెల్లరంగు వేసిన కాంపోజిట్ భాగాలకు 54 డిగ్రీలను పరీక్షా ఉష్ణోగ్రతగా తీసుకుంటారు. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఎపాక్సీ, తరువాత వేడిలో పోస్ట్-క్యూర్ చేయకపోతే ఆ వేడికే మెత్తబడవచ్చు. అందుకని కనీసం రెక్క మూలం భాగానికి థర్మోకోల్ పలకలతో గది కట్టి, హీటర్ బ్లోయర్లతో వేడిచేసి, స్పార్ లోపల పెట్టిన థర్మోకపుల్ 54 డిగ్రీలు చూపిన తరువాతే పరీక్ష మొదలుపెట్టాలి. జనవరి ఉదయం చల్లదనంలో నెగ్గిన ఫైబర్ రెక్క మే మధ్యాహ్నానికి సరిపోతుందని చెప్పడానికి ఆధారం ఉండదు. చెక్క రెక్కల విషయంలో వేడి కంటే తేమ ముఖ్యం. పరీక్ష రోజున చెక్క తేమ శాతం కొలిచి నమోదు చేయాలి.

డ్రోన్లు, నమూనాలు

25 కిలోల లోపు స్థిరరెక్క డ్రోన్లకు ఇదే లెక్క చిన్న కొలతలో సరిపోతుంది. బస్తాలకు బదులు ఇనుప గుళ్ల సంచులు వాడవచ్చు. పోటీల్లో నమూనా విమానాన్ని రెండు రెక్కల కొనల దగ్గర పట్టుకొని ఎత్తి చూపే పరీక్ష ఉంటుంది. బరువంతా కొనల మీద పడటం వల్ల మూలం దగ్గర వంపు బలం, సమాన పంపకంతో పోలిస్తే 2 జీకి, దీర్ఘవృత్తపు పంపకంతో పోలిస్తే దాదాపు 2.4 జీకి సమానం. రంగంలో దిగే ముందు చేసుకొనే శీఘ్ర తనిఖీగా అది మంచిదే గాని, మెలికను అది పరీక్షించదు.

పరీక్ష తరువాత

బస్తాలు దించిన వెంటనే ప్రతి రివెట్టు తలనూ భూతద్దంతో చూడాలి. చుట్టూ నల్లని మసి గీత ఉంటే అది కదిలింది. మూలం బోల్టులు తీసి రంధ్రాలను రెండు దిశల్లో కొలవాలి; గుండ్రని రంధ్రం కోలగా మారితే ఫిట్టింగు మార్చవలసిందే. వెల్డింగు చేసిన ఉక్కు ఫిట్టింగులకు డై పెనిట్రెంట్ పరీక్ష (పగుళ్లలోకి రంగు ఇంకించి చూడటం) చేయాలి. ఫైబర్ స్కిన్‌ను నాణెంతో తట్టుతూ పోతే పొర ఊడిన చోట మొద్దుగా మోగుతుంది.

పరీక్షా పథకాన్ని, చట్రం డ్రాయింగును, భారాల పట్టికను పరీక్షకు ముందే డీజీసీఏ అధికారులకు చూపి మాట్లాడుకోవడం మంచిది. మన దేశంలో విమానం ఎగరడానికి అనుమతి ఇవ్వవలసింది వారే కనుక, పద్ధతి మీద అభ్యంతరాలు ముందే తెలిస్తే పరీక్ష మళ్లీ చేయవలసిన అవసరం రాదు. కాటా ముద్ర వివరాలు, బస్తాల తూకాల పట్టిక, స్కేళ్ల రీడింగులు, కత్తిరించని వీడియో ఒకే చోట భద్రపరచాలి.

రెక్క అల్టిమేట్ చేరకుండానే విరిగితే, విరిగిన చోటు తేలేవరకు బలపరిచే పని మొదలుపెట్టవద్దు. మొదట విరిగిన భాగం ఏది, దాని వల్ల తరువాత విరిగినవి ఏవి అన్నది వీడియోను నెమ్మదిగా తిప్పి చూసి నిర్ణయించాలి. మన ఉదాహరణలో రెక్క 6 జీకి బదులు 5.6 జీ దగ్గర విరిగిందనుకుందాం. దాన్ని ఒకటిన్నరతో భాగిస్తే లిమిట్ లోడు 3.7 జీ మాత్రమే. అది సాధారణ తరగతికి కూడా చాలదు. 4 జీ లిమిట్ నిలుపుకోవాలంటే మొత్తం బరువును 560 కిలోల దగ్గరికి తగ్గించాలి. ఆ 40 కిలోలు రెక్కల నుంచి తగ్గితే ఈ లెక్క వర్తించదు, ఫ్యూజిలాజ్ బరువు నుంచే తగ్గాలి. అది సాధ్యం కాకపోతే స్పార్‌ను బలపరచి, కొత్త జత రెక్కలు కట్టి, మొదటి మెట్టు నుంచి పరీక్ష మళ్లీ చేయాలి. పరీక్షించిన పాత రెక్కను మూలం దగ్గర, మధ్యలో అడ్డంగా కోసి జిగురు అతుకులు, రివెట్ల రంధ్రాలు లోపల ఎలా ఉన్నాయో చూసి, ఆ ముక్కల మీద ఎగరడానికి పనికిరాదని పెద్ద అక్షరాలతో ఎర్ర రంగుతో రాసి పెట్టాలి.